మేనల్లుడి చేతిపని

కిందటి వారం కథలో రొట్టెలమ్మే పొకువాని మాంపాంగ్ కొండ మొదట్లో, కదలనని మొండికేసిన కారు పక్కన, చంకలో కర్రతో నిలబెట్టి వచ్చాం. మంగళవారం ఆ రొట్టెల బండి దారిలోని ఊళ్లన్నీ తిరిగింది, దుకాణాలన్నిటికీ రొట్టెలు పంచింది. ఆఖరికి ఒక్క ఇల్లు మిగిలింది, కొండ మొదట్లోని నీలం తలుపు ఇల్లు. వారం వారం ఆ తలుపు గొళ్లేనికి రెండు రొట్టెలు తగిలించి రమ్మని జాసీ మామయ్య బతికుండగా చెప్పాడు. ఎవరికని అడగొద్దన్నాడు. మామయ్య పోయి పది నెలలైంది. పొకువా ఇంకా తగిలిస్తూనే ఉంది, ఇంకా అడగకుండానే ఉంది. ఆ తలుపు అరమైలు దూరంలో ఉందనగా బండి ఆగిపోయింది. ఇంజను గోల పెడుతుంది, చక్రం మాత్రం తిరగదు.

ఇంకొకరి కారైతే ఇందులో కథేమీ లేదు. పొకువా ఎడమకాలు నాలుగో ఏటనే పోలియోకి చచ్చుబడింది. క్లచ్చి తొక్కాల్సిన కాలు అదే. క్లచ్చి అక్కర్లేని ఆ పాత ఆటోమేటిక్ గేరు కారు ఒక్కటే ఆమె నడపగలదు. కుమాసీ నగరంలో ఆమె పొయ్యిలో కాలిన రొట్టె పద్దెనిమిది ఊళ్లకి చేరుతోందంటే ఆ గేరు బాక్సు చలవే. కారు మామయ్యది. మేనమామ సొత్తు అక్కచెల్లెళ్ల పిల్లలకి రావడం వాళ్ల ఆచారం. ఆ పిల్లల్లో ఎవరికన్నది ఇంటి పెద్దలు తేల్చాలి, తేల్చారు కూడా. శనివారం అందరూ కూర్చునే వేళకి కారు ఉన్న గేరుతోనే కదిలితే పొకువాది. కదలకపోతే తమ్ముడు సార్ఫో తీసుకుని, మామూలు గేర్లు పెట్టించుకుని, సొంత టాక్సీ తిప్పుకుంటాడు.

కుమాసీలో బండ్లు బాగుచేసే సువామే పేటకి కారు లాగించుకొస్తే, ఆ షెడ్ల వరసలో ముగ్గురు మెకానిక్కులు బానెట్ అయినా ఎత్తకుండా "మామూలు గేర్లు పెట్టించెయ్యమ్మా, పీడ పోతుంది" అన్నారు. నాలుగో షెడ్డు మింతా మేస్త్రీది. "గురువారం రా తల్లీ, విప్పి చూద్దాం" అన్నవాడు ఆయన ఒక్కడే.

ఇవాళ గురువారం.

*

ఉత్తరపు ఎడారి నుంచి వీచే చలికాలపు హర్మాటాన్ గాలి దుమ్ము మోసుకొచ్చి సువామే మీద పోసింది. పొద్దెక్కినా సూర్యుడు మసక గుడ్డలో మూటకట్టినట్టే ఉన్నాడు. చుట్టూ వేల సుత్తులు, వేల రేకులు, నలుదిక్కులా గోల. ఆ గోలలో మింతా మేస్త్రీ షెడ్డు ఒక్కటే నిశ్శబ్దంగా ఉంది. అక్కడ గేరు బాక్సు విప్పేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. అది ఆయన పెట్టిన కట్టుబాటు.

పొకువా తిరగేసిన టైరు మీద కూర్చుంది. చచ్చుబడిన కాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకి సర్దుకుంది. ఎదురుగా, నేల మీద పరిచిన తెల్లటి పిండి గోతాం మీద, ఆమె బండి గేరు బాక్సు ఉంది. పద్నాలుగేళ్లు ఆ బండి నడిపింది కానీ దాని ముఖం చూడటం ఇదే మొదటిసారి. ఇంత చిన్నదా అనుకుంది. ఎత్తితే ఇద్దరు మొయ్యలేని బరువు, చూడటానికి మాత్రం గంట ఆకారంలో ఉన్న వంటపాత్రలా ఉంది.

డెబ్బై దాటిన మింతా మేస్త్రీ సన్నగా, నిటారుగా ఉంటాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. ముందుగా ఒక డబ్బాలో నీళ్లు తీసుకుని, నేల మీద కొద్దికొద్దిగా ఒలకబోశాడు.

"మా మేనమామ ఓబెంగ్, వచ్చి తాగు. ఆయన మేనమామ తవియా, వచ్చి తాగు. కమ్మరి కొలిమి నుంచి కారు గేరు దాకా పని నేర్పినవాళ్లు మీరు. నా చెయ్యి తప్పితే పట్టుకోండి."

అక్కడితో ఆపేశాడు. ఆయన తర్వాత పని అందుకునేవాళ్ల కోసం కూడా రెండు చుక్కలు పోయడం అక్కడి వాడుక. ఆయన డబ్బాలో మిగిలిన నీళ్లు పారబోసి, చేతులు తుడుచుకున్నాడు. షెడ్డులో పనిచేసేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు.

అప్పుడు విప్పడం మొదలైంది.

అడుగున ఉన్న రేకు తట్ట ఊడింది. దాని అంచుకి అతికిన, నూనె కారకుండా పెట్టే అట్ట ప్యాకింగు నూనెలో నాని ఊడి వచ్చింది, దాన్ని పక్కన చెత్త పళ్లెంలో పడేశారు. ఆ తర్వాత మేస్త్రీ రెండు చేతులతో ఒక లోహపు పలకని బయటికి తీసి, గోతాం మీద మెల్లగా దించాడు.

"మాట్లాడొచ్చా మేస్త్రీ గారూ?" అంది పొకువా గొంతు తగ్గించి.

"బండి గలదానివి. నువ్వు అడగొచ్చు."

"ఏమిటది?"

"దీని మెదడు."

పొకువా ముందుకి వంగింది. పలక నిండా దారులు. చెదలు తొలిచినట్టు వంకరలు, మలుపులు, ఒక దాన్ని ఒకటి తప్పించుకుంటూ పోయే సందులు. కానీ చెదలకి లేని లెక్క ఏదో ఉంది వాటిలో. ఏ దారీ ఊరికే ఆగలేదు. ప్రతిదీ ఎక్కడికో చేరుతోంది.

"ఇందులో వైరు లేదు, మర లేదు, మనిషి లేడు," అన్నాడు మేస్త్రీ. "నూనె ఒక్కటే పరిగెడుతుంది. బండి మెల్లగా పోతే నూనె ఈ సందులోంచి పోతుంది. వేగం అందుకుంటే ఈ చిన్న గుండుని తోసుకుని ఆ సందులోకి దూరుతుంది. కొండ ఎక్కుతుంటే వెనక్కి తిరిగి ఇటొస్తుంది. నువ్వు క్లచ్చి తొక్కాల్సిన ప్రతిసారీ ఇది నీ బదులు తొక్కింది తల్లీ. పద్నాలుగేళ్లలో ఎన్ని లక్షలసార్లో నాకూ తెలీదు."

పొకువా, ఎడమకాలు లేని లోటు తెలియకుండా బతికానని ఇన్నాళ్లూ తన గొప్పే అనుకుంది. ఆ కాలు ఇక్కడుంది. చీకట్లో, నూనెలో మునిగి, అడగకుండానే తొక్కుతూ ఉంది. ఆమె తెలియకుండానే తలమీది గుడ్డ సవరించుకుంది, పెద్దవాళ్ల ముందు సవరించుకున్నట్టు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో తోపుడు బండి కిర్రుమంది.

"అక్కా! తెచ్చేశానే!"

సార్ఫో. చెమటలు కక్కుతూ తోపుడు బండి తోసుకొచ్చాడు. బండి మీద మామూలు గేరు బాక్సు ఒకటి, తాళ్లతో కట్టేసి ఉంది.

"ఇదేమిట్రా?" అంది పొకువా.

"గేర్లే. అరువు తెచ్చా. మేస్త్రీ, ఆ చెత్తంతా మూటకట్టేసి ఇది బిగించెయ్యండి. ఎల్లుండికి పెద్దల ముందు బండి నడుస్తూ ఉంటుంది, అందరికీ మర్యాదగా ఉంటుంది."

"నడిపేదెవరు?"

"నేను నడుపుతా. నీ రొట్టెలు నేనే వేసొస్తా అక్కా. నిన్ను గాలికి వదిలేస్తానా?"

"నువ్వు రొట్టెలు వేసొస్తే, ఊళ్లకి చేరేవి గంపలే. దారిలో సగం తింటావు."

పనివాళ్లు నవ్వారు. సార్ఫో నవ్వలేదు. విప్పేసిన గేరు బాక్సు వంక చూశాడు. చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఎండ లేని పూట వాడి నుదుటి మీద చెమట ఆరడం లేదు. పొకువా అది గమనించింది.

మింతా మేస్త్రీ సార్ఫోని లెక్కచెయ్యలేదు. తట్టలో మిగిలిన నూనెలో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు, వేలు నాలిక మీద పెట్టుకున్నాడు.

"పొద్దున చలిగా ఉన్నప్పుడు బండి కదిలేదా తల్లీ?"

"మూడు వారాలుగా లేదు. ఎండ పడ్డాకే కదిలేది. ఇంజను వేడెక్కేదాకా కూర్చుని చూసేదాన్ని."

"ఊఁ." మేస్త్రీ వాకిటివైపు తిరిగాడు. "మాన్సాని పిలవండి."

మాన్సా షెడ్డు ముందు పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకే ముద్దలు, వేపిన చేప అమ్మే మనిషి. ఒళ్లూ నోరూ రెండూ భారీ. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. మేస్త్రీ మాట్లాడకుండా తట్ట ఆమె ముక్కు కిందికి జరిపాడు. మాన్సా ఒక్కసారి పీల్చింది. మళ్లీ పీల్చింది. ఆమె ముఖం విచ్చుకుంది.

"ఓరి నాయనోయ్! ఇది జోమి కదా! అల్లం, ఉల్లిపాయ వేసి కాచిన ఎర్ర పామాయిల్! అదీ మంచి సరుకు, క్రోబో తెగవాళ్లు కాచింది. ఎవరు బాబూ నా చారు తీసుకెళ్లి గేరు బాక్సులో పోసిందీ?"

"మాడి, గేరు నూనెలో కలిసిపోయాక కూడా గుర్తుపట్టావు," అన్నాడు మేస్త్రీ మెచ్చుకోలుగా.

"ముప్పై ఏళ్లుగా ఆ నూనె ముందే కూర్చున్నాను మేస్త్రీ. చచ్చి గోతిలో ఉన్నా గుర్తుపడతా. ఇందులో కాస్త మిరపకాయ, చేప పడుంటే బండి కొండ మొదట్లో కాదు, ఏకంగా పళ్లెంలోనే ఆగేది."

షెడ్డంతా విరగబడి నవ్వింది. పొకువా మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ల ముందు బండి డిక్కీ కదిలింది. క్రిస్మస్ ముందు అమ్మ కూరల కోసం కొన్న జోమి, పాత మంచినీళ్ల సీసాలో. రోడ్డు పక్కన గేరు నూనె అమ్మేదీ అలాంటి సీసాల్లోనే. రెండూ ఎర్రనే. మర్నాడు ఆ సీసా కోసం ఇల్లంతా వెతికింది. అమ్మే దాచిందేమోనని అమ్మని కూడా నాలుగు మాటలంది.

ఆ ముందురోజు బండి తీసుకెళ్లింది ఎవరు?

"సార్ఫో," అంది పొకువా.

"అక్కా..."

"అత్తారింటికి బండి తీసుకెళ్లావు."

"దారిలో గేరు కొంచెం జారిందే. కొలత పుల్ల తీసి చూస్తే నూనె తగ్గింది. డిక్కీలో సీసా కనబడింది. ఎర్రగా ఉంది. నువ్వే కొనిపెట్టావు, నీకు ముందుచూపు ఎక్కువ కదా అనుకున్నా." వాడు చూపు నేల మీదికి దించాడు. "పోసేశా."

"టాక్సీ నడిపేవాడివి! ముక్కు లేదురా నీకు?"

"జలుబు చేసింది."

మళ్లీ నవ్వులు. సార్ఫో ముఖం చూసి అవి వాటంతట అవే ఆగిపోయాయి.

"నువ్వు మర్నాడు సీసా కోసం వెతుకుతుంటే తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. బండి నడుస్తూనే ఉంది కదా అనుకున్నా. రోజు రోజుకీ చెప్పడం కష్టమైపోయింది. విప్పితే బయటపడుతుందని..."

"అందుకా, విప్పకుండా మార్చెయ్యమని ఊరంతా తిరిగి చెప్పావు? అందుకా ఈ గేర్లు తోసుకుంటూ వచ్చావు?"

సార్ఫో తోపుడు బండి తాళ్లు సర్దసాగాడు. వాడు బండి కోసం కాచుకుని ఉన్నాడని పొకువా అనుకుంది ఇన్నాళ్లూ. బండి కోసం కాదు, తన ముందు తలదించుకోవాల్సి వస్తుందనే భయం. దొంగ తమ్ముడి కన్నా పిరికి తమ్ముడు నయమా? ఇప్పుడే తేల్చుకోలేకపోయింది.

"ఇక చాలు," అన్నాడు మింతా మేస్త్రీ. "పామాయిల్ పోయడం తెలివితక్కువ పనే. చలికి పేరుకుని సందులన్నీ మూసింది. కిరసనాయిలుతో కడిగితే పోతుంది, దానికి సాయంత్రం చాలు. అసలు రోగం ఇంకా చూడలేదు నేను."

ఆయన గేరు బాక్సు పక్కనున్న గుండ్రటి మూత విప్పాడు. లోపల ఏదో బిగుసుకుపోయి ఉంది. కొయ్య పుల్లతో, గోరువెచ్చటి నూనెతో, పసిపిల్లవాడి నోట్లోంచి గింజ తీసినట్టు తీశాడు. అరచేతిలో చిన్న పిస్టను పడింది. మూడు వేళ్ల వెడల్పు కూడా లేదు. నడుమకి నిలువునా చీలిపోయింది.

"ఇది నొక్కితేనే గేరు పట్టు బిగుస్తుంది. ఆ నూనెకి దీని రబ్బరు పట్టీ ఉబ్బిపోయింది. కొండ ఎక్కేటప్పుడు నువ్వు గట్టిగా..."

మాట మధ్యలో ఆగిపోయింది.

మేస్త్రీ ఆ ముక్కని వెలుతురులోకి ఎత్తాడు. గుడ్డతో తుడిచాడు. గోటితో అంచు చుట్టూ తడిమాడు. తర్వాత గేరు బాక్సులో అది కూర్చునే గూట్లోకి చిటికెన వేలు దూర్చి, చుట్టూ మెల్లగా తిప్పాడు. తిప్పుతుంటే ఆయన ముఖం మారిపోయింది. పొకువా అలాంటి ముఖం చర్చిలో చూసింది, పురిటింట్లో చూసింది, ఇంకెక్కడా చూడలేదు.

"ఏమైంది మేస్త్రీ గారూ?"

"ఇది కంపెనీది కాదు."

"నకిలీదా?"

"నకిలీనా!" ఆయన ఆ ముక్కని పొకువా ముందుకి చాచాడు. "తల్లీ, ఈ గూడు గోడ అరిగితే లోకంలో ఏ మెకానిక్కైనా పెట్టె పారేస్తాడు. ఇది చేసినవాడు పారెయ్యలేదు. గోడని చేత్తో రుద్ది నున్నచేసి, కొంచెం పెద్దది చేశాడు. పెద్దదైన గూటికి సరిపడే పిస్టను ఎక్కడా దొరకదు. అందుకని తనే పోతపోశాడు. ఈ లోహం ఏమిటో తెలుసా? అన్నం వండే గిన్నె. పాత గిన్నె కరగబోసి, మట్టిలో పోసి, ఆకురాయితో సానబట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. రెండేళ్లో మూడేళ్లో కొండలెక్కింది ఇది. నూనె పాడు కాకపోతే ఇంకా ఇరవై ఏళ్లు ఎక్కేది."

పనివాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. ఎవరూ ముట్టుకోలేదు. మాన్సా కూడా నోరు మూసుకుని నిలబడింది. అన్నం గిన్నె ఒకటి గేరు బాక్సు లోపల, ఎవరికీ కనబడని చోట, ఇంత పని చేసిందా!

"మీరు ఇంకొకటి చెయ్యగలరా?" అంది పొకువా ఆశగా.

మింతా మేస్త్రీ పిస్టను తిరగేసి, లోపలి అంచు ఆమెకి చూపించాడు. అక్కడ, మూత పడ్డాక ఏ కంటికీ ఆనని చోట, ఆకురాయితో గీసిన మూడు సన్నటి గీతలున్నాయి.

"చేసిన ప్రతి ముక్క మీదా గీసేవాడు. ఎవడు చూస్తాడురా అని తిట్టేవాణ్ణి. 'మన తర్వాత విప్పేవాడు చూస్తాడు మామయ్యా' అనేవాడు."

షెడ్డులో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

"ఆంట్వీ," అన్నాడు మేస్త్రీ.

పదకొండేళ్లుగా ఆ షెడ్డులో ఎవరూ పలకని పేరది. గోడమీద ఒక మేకుకి కొయ్యపిడి ఆకురాళ్ల మూట వేలాడుతూ ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టరు. ఆంట్వీ మేస్త్రీకి అక్క కొడుకు, షెడ్డుకి వారసుడు, ఆయన నీళ్లు పోయకుండా ఆపేసిన చోట ఉండాల్సిన మనిషి. ఖరీదైన గేరు చక్రం ఒకటి దొంగిలించి అమ్ముకున్నాడని మేస్త్రీయే అందరి ముందూ వెళ్లగొట్టాడు. ఆ తర్వాత సముద్రం దాటాడని కొందరు, పోయాడని కొందరు అన్నారు. కొడుకు ఆచూకీ తెలియకుండానే ఆ తల్లి కన్నుమూసింది.

"దొంగ చెయ్యి అయితేనేం, పని మాత్రం..." అన్నాడు పనివాళ్లలో ఒకడు.

"దొంగ కాదు."

మేస్త్రీ ఆ మాట మెల్లగానే అన్నాడు. అన్నాక లేచి నిలబడ్డాడు. మెడ దగ్గరి గుండీ విప్పుకున్నాడు. ఆయన గుండీ విప్పడం ఎవరూ చూసి ఎరగరు.

"ఆ చక్రం రెండు నెలల తర్వాత దొరికింది. నా బల్ల కిందే, గుడ్డపేలికల్లో. నేనే పెట్టి మరిచిపోయాను. దొరికిన రోజే మా అక్క దగ్గరికి పరిగెత్తాలి. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో కూడా చెబుతా, వినండి. వాడి చెయ్యి నా చేతి కన్నా పెద్దదైంది. వచ్చిన గిరాకీ అంతా 'ఆంట్వీ ఉన్నాడా' అని అడిగేది. నాకు కడుపు మండింది. చక్రం పోయిందనుకున్న రోజు, లోపల ఎక్కడో, నాకు సంతోషమే కలిగింది."

డెబ్బై ఏళ్ల మనిషి, సువామే అంతా మేస్త్రీ అని పిలిచే మనిషి, అన్నం గిన్నె ముక్క చేత్తో పట్టుకుని ఇంతమంది ముందు ఈ మాట అనడం పొకువా నమ్మలేకపోయింది. సార్ఫో కూడా తలెత్తి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పామాయిల్ మాట చెప్పడానికే వాడికి మూడు వారాలు చాలలేదు.

"ఇలాంటిది నేను చెయ్యలేను తల్లీ," అన్నాడు మేస్త్రీ. "చేతులు వణుకుతున్నాయని కాదు. వణకనప్పుడూ చెయ్యలేకపోయేవాణ్ణి. ఈ గూడు కొలత వాడి వేళ్లకే తెలుసు. వాడు బతికుంటే నీ బండి బతుకుతుంది. మీ మామయ్య ఈ పని ఎక్కడ చేయించాడు?"

"తెలీదు మేస్త్రీ గారూ. రెండేళ్ల కిందట పదకొండు రోజులు బండితో సహా మాయమయ్యాడు. తిరిగొచ్చి, 'నీ కాలికి నయమైందే' అని తాళాలు నా ఒళ్లో పడేశాడు. ఎక్కడికెళ్లావంటే నవ్వాడు."

జాసీ మామయ్య నోరు విప్పని మనిషి. విప్పకుండానే వెళ్లిపోయాడు. శనివారానికి మధ్యలో ఒక్క శుక్రవారం. ఆఫ్రికా ఖండం ఇంత పెద్దది, అందులో ఒక మనిషిని ఎక్కడని వెతకడం? పొకువాకి ఏడుపొచ్చింది. ఏడవకుండా ఉండాలని చేతికందిన చెత్త పళ్లెం ముందుకి లాక్కుని, అందులోని ముక్కలు ఊరికే సర్దసాగింది.

నూనెలో నానిన అట్ట ప్యాకింగు చేతికి తగిలింది. దళసరి కాగితాన్ని తట్ట అంచు కొలతకి కత్తిరించారు. బోల్టుల కోసం పొడిచిన చిల్లులు ఒక్కటీ గీటు దాటలేదు. ఈ కత్తిరింపు కూడా ఆ చేతిదేనని ఇప్పుడామెకీ తెలుస్తోంది. బొటనవేలితో నూనె తుడిచింది. కింద రంగు కనబడింది. పసుపు. ఇంకా తుడిచింది. పసుపు మీద గోధుమరంగు, నిగనిగలాడే రొట్టె అంచు. దాని పక్కన సగం తెగిన అక్షరాలు.

ఆ అక్షరాలు ఆమెకి తెలుసు. ఆమె గీయించినవే.

"బొకో," అని చదివింది పైకి.

బొకో అంటే వాళ్ల భాషలో మెల్లగా అని. తన కుంటి నడకని చూసి పిల్లలు వెంటబడి అరిచిన మాట. ఆ మాటే రొట్టెల కొట్టుకి పేరు పెట్టి, బోర్డు రాయించి, అందరి నోళ్లూ మూయించింది. మూడేళ్ల కిందట ఒకే ఒక్కసారి, కొట్టు పేరుతో గోడ క్యాలెండర్లు అచ్చువేయించింది. నలభై. ముప్పై తొమ్మిది తన దుకాణాలవాళ్లకి తన చేత్తోనే ఇచ్చింది. ఒక్కటి మామయ్య అడిగి పట్టుకెళ్లాడు, ఎవరో స్నేహితుడికని.

ఆ వారమే కదూ నీలం తలుపు మాట చెప్పింది?

తన రొట్టె బొమ్మ, తన బండి కడుపులో, రెండేళ్లుగా నూనె కారకుండా కాపలా కాసింది. దాని మీద కూర్చునే ఆమె ప్రతి మంగళవారం ఆ మనిషి వాకిటి దాకా వెళ్లింది. గొళ్లెం తాకింది. వెనక్కి వచ్చింది. తలుపు వెనక ఆంట్వీ నిలబడి, తను బిగించిన గేరు బాక్సు శబ్దం వింటూ ఉండేవాడేమో.

"మేస్త్రీ గారూ," అంది. ఆ అట్ట ముక్క ఆయన చేతిలో పెట్టింది. "మీ మేనల్లుడికి వారం వారం రొట్టె పెడుతున్నది నేనే."

చెప్పింది. నీలం తలుపు, మామయ్య మాట, ప్రతివారం ఉతికి మడతపెట్టి గొళ్లేనికే తగిలించి ఉండే ఖాళీ సంచి, అన్నీ చెప్పింది. వింటూ వింటూ మింతా మేస్త్రీ అక్కడే, పిండి గోతాం అంచున, నేల మీద కూర్చుండిపోయాడు. వెంటనే లేచాడు. గోడ దగ్గరికి వెళ్లి, మేకుకి వేలాడుతున్న ఆకురాళ్ల మూట దించాడు. పదకొండేళ్ల దుమ్ము ఆయన చొక్కా మీద రాలింది. దులుపుకోలేదు.

"పద తల్లీ. ఏదో ఒక బండి ఎక్కుదాం. నడుచుకుంటూ అయినా పోదాం."

"అక్కా," అన్నాడు సార్ఫో.

వాడి గొంతు విని ఇద్దరూ ఆగారు.

"నిన్న నువ్వు ఇచ్చి రమ్మన్న రెండు రొట్టెలు... ఇచ్చేశానని చెప్పా కదా. ఇవ్వలేదు. అంటే, తీసుకెళ్లాను. సంచి తగిలిస్తుంటే తలుపు తెరుచుకుంది. ఒకాయన. గడ్డం నెరిసింది. బండి చప్పుడు రాలేదేమని అడిగాడు. ఆగిపోయింది, సువామేలో మింతా మేస్త్రీ షెడ్డులో పడుంది, రేపు విప్పుతారని చెప్పా."

"ఏమన్నాడు?" అన్నాడు మేస్త్రీ.

"ఏమీ అనలేదు. అలా చూస్తూ నిలబడ్డాడు. రొట్టెలు తీసుకోలేదు. భయమేసి పై ఊరికి వెళ్లిపోయా. మళ్లీ అటునుంచి తిరిగొచ్చేటప్పుడు చూస్తే తలుపుకి తాళం. ఆయన పనిముట్ల పెట్టె భుజాన పెట్టుకుని, రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉన్నాడు."

మింతా మేస్త్రీ రెండు చేతులూ చాచి సార్ఫో భుజాలు పట్టుకున్నాడు.

"బాబూ, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. రోడ్డుకి ఏ పక్కన నిలబడ్డాడు? కుమాసీకి వచ్చే బస్సులు ఆగే పక్కనా, దూరంగా పోయే బస్సులు ఆగే పక్కనా?"

సార్ఫో కళ్లు గట్టిగా మూసుకున్నాడు.